లాప్‌టాప్ నత్తనడక నడుస్తోందా? ప్రాసెసర్‌కి కళ్లెం ఎవరు వేశారో ముందు పట్టుకోండి

నిన్నటిదాకా బాగానే పనిచేసిన లాప్‌టాప్ ఇవాళ ఉన్నట్టుండి బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిచేసరికి ఆయాసపడిపోతుంది, మౌస్ కదిపితే పాయింటర్ ఆగి ఆగి వస్తుంది. ఇలాంటప్పుడు మనలో చాలామంది చేసేది ఒకటే: వైరస్ అనుకుని స్కాన్ పెడతాం, అక్కర్లేని సాఫ్ట్‌వేర్లు తీసేస్తాం, అప్పటికీ లొంగకపోతే ఫార్మాట్. నేనూ అదే చేశాను. రెండు రోజులు కూర్చుని ఫైళ్లన్నీ బ్యాకప్ తీసి, విండోస్ కొత్తగా ఎక్కించి, పాస్‌వర్డులన్నీ మళ్లీ కొట్టుకుని, చివరికి చూస్తే ఎక్కడి గొంగళి అక్కడే. అసలు సంగతేంటంటే, కీబోర్డు మీద ఏదో నొక్కబోయి ఇంకేదో నొక్కితే లాప్‌టాప్ సైలెంట్ మోడ్‌లోకి వెళ్లి కూర్చుంది. ఆ సెట్టింగ్ విండోస్‌లో లేదు, మదర్‌బోర్డు మీదుండే ఒక చిన్న కంట్రోలర్ చిప్‌లో ఉంది. అందుకే ఫార్మాట్ చేసినా చెక్కుచెదరలేదు. మళ్లీ అవే రెండు కీలు నొక్కితే రెండు సెకన్లలో బాగైపోయింది. ఆ రెండు రోజుల మంట ఇంకా చల్లారలేదు, అందుకే ఇదంతా రాస్తున్నా.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది. ప్రాసెసర్ ఎప్పుడూ ఒకే వేగంతో తిరగదు. పని లేనప్పుడు తగ్గుతుంది, పని పడగానే పెరుగుతుంది. ఇంటెల్ వాళ్లు దీన్ని మొదట్లో స్పీడ్‌స్టెప్ అన్నారు, 2015లో వచ్చిన స్కైలేక్ తరం నుంచి స్పీడ్ షిఫ్ట్ అని పెట్టి, ఏ క్షణాన ఎంత వేగం కావాలన్నది చాలావరకు ప్రాసెసర్‌కే వదిలేశారు. ఏఎండీలో ఇలాంటి పనే సీపీపీసీ చేస్తుంది. అయితే ఆ వేగానికి పైన గీత గీసేవాళ్లు చాలామంది ఉన్నారు: విండోస్ ఒకటి, లాప్‌టాప్ కంపెనీ ఇచ్చే యుటిలిటీ ఒకటి, విండోస్ కంటే ముందే లేచి లాప్‌టాప్‌ని మొదలుపెట్టే బయోస్, దాని పక్కనే ఎంబెడెడ్ కంట్రోలర్ (నన్ను ఏడిపించిన ఆ చిన్న చిప్ ఇదే), ఆపైన చార్జరు, వేడి. వీళ్లలో ఎవరు అందరికన్నా తక్కువ గీత గీస్తే అదే చెల్లుతుంది. మీరు విండోస్‌లో ఎంత హై పెర్ఫార్మెన్స్ పెట్టినా కింద కంట్రోలర్ 0.8 గిగాహెర్ట్జ్ దాటకూడదంటే దాటదు, అంతే. కాబట్టి కనిపించిన సెట్టింగల్లా పెంచుకుంటూ పోవడం దండగ, అందరికన్నా తక్కువ గీత ఎవరిదో కనిపెట్టడమే అసలు పని.

మొదట ఆ నంబర్ చూడండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ ట్యాబ్, దాంట్లో సీపీయూ, అంటే ప్రాసెసరే. కింద స్పీడ్ అని ఒక అంకె, పక్కనే బేస్ స్పీడ్ (ప్రాసెసర్‌కి కంపెనీ చెప్పిన మామూలు వేగం) అని ఇంకో అంకె కనిపిస్తాయి. ఖాళీగా ఉన్నప్పుడు చూసి కంగారు పడకండి, పని లేనప్పుడు 1 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఉండటం మామూలే, అది జబ్బు కాదు. ప్రాసెసర్‌కి ఏదైనా గట్టి పని అప్పజెప్పి అప్పుడు చూడాలి: ఒక పెద్ద ఫోల్డర్‌ని జిప్ చెయ్యండి, లేదా వీడియో ఏదైనా ఎక్స్‌పోర్ట్ పెట్టండి, రెండు మూడు నిమిషాలు నడవనివ్వండి.

ఇప్పుడు ఆ అంకె ఏం చెబుతోందో చూద్దాం. పని మొదలవగానే బేస్ స్పీడ్‌ని దాటి 3, 4 గిగాహెర్ట్జ్ దాకా ఎగిరి, అర నిమిషమో నిమిషమో అయ్యాక కొంచెం దిగి అక్కడ నిలబడితే అది ఆరోగ్యంగా ఉన్న లాప్‌టాప్. ఇంటెల్ ప్రాసెసర్లలో కొద్దిసేపటికి ఎక్కువ కరెంటు తాగనిచ్చే పీఎల్2 అనే హద్దు ఒకటి, ఎక్కువసేపు నడవడానికి పీఎల్1 అనే హద్దు ఒకటి ఉంటాయి. ఆ దిగడం చాలావరకు దానివల్లే. అలా కాకుండా సరిగ్గా బేస్ స్పీడ్ దగ్గరో అంతకంటే ఒక్క పిసరు కిందో మేకు కొట్టినట్టు ఆగిపోతే టర్బో, అంటే బేస్ స్పీడ్‌ని దాటి ఎగరడం, ఆగిపోయిందని అర్థం, దానికి కారణం చాలాసార్లు పవర్ సెట్టింగే. ఇక ఎంత పని పెట్టినా 0.4 దగ్గరో 0.8 దగ్గరో బండరాయిలా కూర్చుంటే అక్కడ గట్టి బ్రేకు పడింది, చార్జర్ మీద మొదటి అనుమానం పెట్టుకోండి.

శాతం చూసి మాత్రం మోసపోవద్దు. టాస్క్ మేనేజర్ గ్రాఫ్‌లో చూపించే సీపీయూ శాతాన్ని చాలా విండోస్ వెర్షన్లు వేగంతో కలిపి లెక్కకడతాయి, అంటే సగం వేగానికి కట్టేసిన ప్రాసెసర్ ఒళ్లు హూనం చేసుకుంటున్నా 50 శాతం దగ్గరే ఆగి కనిపించొచ్చు. "సీపీయూ ఖాళీగానే ఉంది కదా, మరి ఎందుకింత స్లో?" అని జుట్టు పీక్కునేవాళ్లలో కొందరి సమస్య ఇదే.

ఇదే పరీక్ష చార్జర్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి చెయ్యండి. రెండు అంకెలూ ఎక్కడైనా రాసుకోండి, తర్వాత పనికొస్తాయి.

విండోస్‌ని తిట్టేముందు ఈవెంట్ వ్యూయర్

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు గానీ నా లెక్కలో గంటల కొద్దీ టైమ్ మిగిల్చేది ఇదే. స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ అని కొట్టి తెరవండి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్‌కి వెళ్లండి, సోర్స్ కాలమ్‌లో కెర్నల్ ప్రాసెసర్ పవర్ అని ఉండి ఈవెంట్ ఐడీ 37 ఉన్నవాటి కోసం వెతకండి. ప్రాసెసర్ వేగాన్ని సిస్టమ్ ఫర్మ్‌వేర్ (బయోస్, కంట్రోలర్ చిప్‌లలో ఉండే సాఫ్ట్‌వేర్) కట్టడి చేస్తోందని, ఇన్ని సెకన్లుగా ఇలాగే ఉందని అందులో రాసి ఉంటుంది. నిద్ర లేచినప్పుడో ఆన్ అయినప్పుడో ఒకటీ అరా వస్తే పట్టించుకోనక్కర్లేదు. మళ్లీ మళ్లీ వస్తోంది, సెకన్లు కూడా భారీగా ఉన్నాయంటే మాత్రం విండోస్ పవర్ ప్లాన్లతో కుస్తీ పట్టడం మానేసి నేరుగా కంపెనీ యుటిలిటీ, చార్జర్ సంగతికి వెళ్లిపోండి. విండోసే చేతులెత్తేసి, నా చేతిలో ఏం లేదు, కింద వాళ్లు కట్టేశారు అని చెబుతోందన్నమాట.

అలాంటి ఈవెంట్లేం లేకపోతే అప్పుడు విండోస్ సెట్టింగ్స్ చూడాలి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో పవర్ అండ్ బ్యాటరీ. అక్కడ పవర్ మోడ్ బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీలో ఉంటే బ్యాలెన్స్‌డ్‌కో బెస్ట్ పెర్ఫార్మెన్స్‌కో మార్చండి. కొత్త విండోస్ 11లో చార్జర్ మీద ఉన్నప్పుడు ఒకటి, బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఒకటి విడివిడిగా ఉంటాయి, ఒకటి మార్చి రెండోది మర్చిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. బ్యాటరీ సేవర్ (కొత్త విండోస్ 11లో దాని పేరు ఎనర్జీ సేవర్) దానంతటదే ఆన్ అయి ఉందేమో కూడా అక్కడే చూసుకోండి.

తర్వాత పాత కంట్రోల్ ప్యానెల్‌కి వెళ్లి పవర్ ఆప్షన్స్‌లో మీ ప్లాన్ పక్కన చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, అందులో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరవండి. ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ ఎంత ఉందో చూడండి. 100 ఉండాలి. 99 ఉన్నా చాలు, చాలా లాప్‌టాపుల్లో టర్బో పూర్తిగా ఆగిపోతుంది. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది గానీ 100 కంటే తక్కువ అంటే బేస్ స్పీడ్ దాటొద్దు అన్న లెక్క. లాప్‌టాప్ వేడెక్కుతోందంటే ఎవరో చెప్పారని 99 పెట్టుకుని ఆర్నెల్ల తర్వాత ఆ సంగతే మర్చిపోయినవాళ్లని చాలామందిని చూశాను. (ఎండాకాలంలో ఆ చిట్కా పనికొస్తుంది, కాదనను, కానీ పెట్టినట్టు గుర్తుండాలి కదా.) మినిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని మాత్రం పెంచొద్దు, 5 దగ్గరే ఉండనివ్వండి, దాన్ని 100 చేస్తే ఊరికే బ్యాటరీ తినడం తప్ప స్లోనెస్ పోదు.

ఆ సెట్టింగులన్నీ ఎవరో కెలికి పెట్టారనిపిస్తే ఒక్కొక్కటీ వెతుక్కోనక్కర్లేదు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లీషులో ఖాళీ లేకుండా కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, ఒక స్లాష్ పెట్టి రీస్టోర్ డిఫాల్ట్ స్కీమ్స్ అని మూడు మాటలూ కలిపేసి రాసి ఎంటర్ నొక్కితే పవర్ ప్లాన్లన్నీ కొత్త లాప్‌టాప్‌లో ఉన్నట్టు అయిపోతాయి. మీరు సొంతంగా చేసుకున్న ప్లాన్లు ఏమైనా ఉంటే అవి పోతాయి, అది చూసుకోండి. అదే కమాండ్‌కి స్లాష్ తర్వాత ఎనర్జీ అని ఇస్తే ఒక నిమిషం గమనించి ఒక రిపోర్టు ఫైలు తయారుచేస్తుంది, దాంట్లో ఏ సెట్టింగ్ ఎంతలో ఉందో వరసగా ఉంటుంది.

హై పెర్ఫార్మెన్స్ ప్లాన్ కనిపించట్లేదని టెన్షన్ పడొద్దు. మోడర్న్ స్టాండ్‌బై (ఫోన్‌లా నిద్రలోనూ కొంచెం మెలకువగా ఉండే పద్ధతి) ఉన్న కొత్త లాప్‌టాపుల్లో మామూలుగా బ్యాలెన్స్‌డ్ ఒక్కటే చూపిస్తుంది, అది లోపం కాదు. అల్టిమేట్ పెర్ఫార్మెన్స్ అనే దాచిన ప్లాన్‌ని బయటికి తీస్తే లాప్‌టాప్ రెక్కలు కట్టుకుని ఎగురుతుందని వీడియోలు చాలా తిరుగుతుంటాయి, నా అనుభవంలో ఫ్యాన్ గోల పెరిగింది తప్ప ఒరిగిందేం లేదు. ఆఫీసు లాప్‌టాప్ అయితే ఈ సెట్టింగులు బూడిద రంగులో ఉండి మార్చనివ్వకపోవచ్చు, అది ఐటీ వాళ్ల పాలసీ, వాళ్లనే అడగాలి.

లాప్‌టాప్ మొత్తం బాగానే ఉండి ఒకే ఒక్క ప్రోగ్రామ్ ఈడుస్తోందా? టాస్క్ మేనేజర్‌లో దాని పక్కన ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉందేమో చూడండి. అది ఎఫిషియెన్సీ మోడ్, విండోస్ 11లో ఉంటుంది. రైట్ క్లిక్ చేసి తీసెయ్యొచ్చు.

కంపెనీ యుటిలిటీ

ఎక్కువ కేసుల్లో దొంగ దొరికేది ఇక్కడే. లెనోవోలో వాంటేజ్, ఆసుస్‌లో మైఆసుస్ లేదా ఆర్మరీ క్రేట్, ఎంఎస్ఐలో ఎంఎస్ఐ సెంటర్, ఏసర్ నైట్రో గేమింగ్ మోడళ్లలో నైట్రోసెన్స్, హెచ్‌పీ గేమింగ్ లాప్‌టాపుల్లో ఒమెన్ గేమింగ్ హబ్. పేర్లు వేరు గానీ అన్నిట్లోనూ కాస్త అటూ ఇటూగా ఇలాంటి మోడ్‌లే ఉంటాయి: సైలెంట్ లేదా క్వయట్, బ్యాలెన్స్‌డ్, పెర్ఫార్మెన్స్. సైలెంట్ మోడ్ ఫ్యాన్‌ని తగ్గిస్తుంది, ఫ్యాన్ తగ్గితే వేడి పెరుగుతుంది కాబట్టి ప్రాసెసర్‌కి ఇచ్చే వాట్లు కోసేస్తుంది. విండోస్ పవర్ సెట్టింగుల్లో ఎక్కడ వెతికినా ఈ కోత జాడ దొరకదు. చాలా లెనోవోల్లో ఎఫ్‌ఎన్, క్యూ రెండూ కలిపి నొక్కితే ఈ మోడ్ మారిపోతుంది, మిగతా కంపెనీలకీ ఇలాంటి జంట కీలు ఉంటాయి, మీ మోడల్ మాన్యువల్‌లో చూడండి. యుటిలిటీ అసలు ఇన్‌స్టాల్ చేసి లేకపోయినా ఆ కీలు పనిచేస్తాయన్నదే ఇక్కడ తిరకాసు.

ఇంకోటి. మంత్రసానులు ఎక్కువైతే బిడ్డ అడ్డం తిరిగిందన్నట్టు, ఒకే లాప్‌టాప్‌లో కంపెనీ యుటిలిటీ, దాని పాత వెర్షన్ ఒకటి, బ్యాటరీ ఆదా చేస్తానని వచ్చిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఒకటి, పైగా గేమ్ బూస్టర్ అని ఇంకోటి ఉంటే, ఒకటి పెంచితే ఇంకోటి దించుతుంది. కొద్దిసేపు ఫాస్టుగా, కొద్దిసేపు స్లోగా, మళ్లీ ఫాస్టుగా అయ్యే లాప్‌టాపుల్లో ముందు ఇదే అనుమానించాలి. బయటి నుంచి తెచ్చిన బూస్టర్లు, ఆప్టిమైజర్లు మొహమాటం లేకుండా తీసెయ్యండి. కంపెనీది ఒక్కటి ఉంచండి, అదీ అప్‌డేట్ చేసి.

దీంతోపాటు ఇంటెల్ డైనమిక్ ట్యూనింగ్ అనే డ్రైవర్ ఒకటి ఉంటుంది, పాత పేరు డీపీటీఎఫ్. వేడిని, వాట్లని చూసుకునేది అదే. అది తప్పుగా ప్రవర్తిస్తే ప్రాసెసర్ గిలగిల్లాడుతుంది, నిజమే, కానీ దాన్ని డిసేబుల్ చేసెయ్యమని ఎవరైనా చెబితే వెంటనే వినొద్దు. ముందు కంపెనీ వెబ్‌సైటులో మీ మోడల్ పేజీకి వెళ్లి అక్కడున్న వెర్షన్ ఎక్కించి చూడండి. పైగా కొన్ని రోజులకి విండోస్ అప్‌డేట్ దాన్ని మళ్లీ తెచ్చిపెట్టొచ్చు.

చార్జర్

0.4, 0.8 దగ్గర ఇరుక్కున్నవాళ్లు నేరుగా ఇక్కడికి రండి. చార్జర్ తీసెయ్యగానే బ్యాటరీ మీద వేగం ఒక్కసారిగా పెరిగిందా? అయితే ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు, తప్పు చార్జర్‌దో, దాని పిన్నుదో, లాప్‌టాప్‌లో ఆ పిన్ను దూరే సాకెట్‌దో. చాలా లాప్‌టాపులు చార్జర్ ఎన్ని వాట్లదో కనుక్కుంటాయి. గుర్తుపట్టలేకపోయినా, వాట్లు తక్కువైనా, ప్రాసెసర్‌కి ప్రోక్‌హాట్ అనే సిగ్నల్ పంపి వేగాన్ని అట్టడుక్కి దించేస్తాయి. ఆ సిగ్నల్ నిజానికి వేడెక్కినప్పుడు కాపాడటానికి పెట్టింది, మదర్‌బోర్డు కూడా దాన్ని లాగొచ్చు, అందుకే ప్రాసెసర్ 45 డిగ్రీల దగ్గర చల్లగా ఉన్నా వేడెక్కినట్టే ముడుచుకుపోతుంది.

పాత చార్జర్ మీద, కొత్త చార్జర్ మీద ఔట్‌పుట్ దగ్గర రాసిన వోల్టులు, ఆంపియర్లు గుణించి చూడండి: 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అంటే 65 వాట్లు. లాప్‌టాప్‌తో 65 వాట్లది వచ్చి మీరు 45ది వాడుతుంటే కథ తేలిపోయింది. టైప్ సీ అయితే హబ్ లేదా డాక్ మధ్యలో ఉందా చూడండి, అవి కొన్ని వాట్లు తమకోసం అట్టేపెట్టుకుంటాయి. నేరుగా గుచ్చి చూడండి, కేబుల్ మార్చి చూడండి. కొన్ని లాప్‌టాపుల్లో బయోస్‌లోకి వెళ్తే చార్జర్ ఎన్ని వాట్లో, అసలు గుర్తుపట్టిందో లేదో రాసి ఉంటుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినా, ఊడదీసేసినా కూడా కొన్ని మోడళ్లు ఇలాగే వేగం తగ్గిస్తాయి.

కంట్రోలర్ మొండికేసినప్పుడు పనిచేసే పాత చిట్కా: లాప్‌టాప్ ఆపి, చార్జర్ తీసి, బ్యాటరీ ఊడేదైతే అదీ తీసి, పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకోండి, తర్వాత చార్జర్ పెట్టి ఆన్ చెయ్యండి. మామూలు సెట్టింగ్ మార్పుల తర్వాత మాత్రం షట్‌డౌన్ కాదు, రీస్టార్టే చెయ్యాలి, ఎందుకంటే ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా ఆగదు, పాత స్థితిని దాచుకుని పొద్దున్నే అదే తెచ్చి పెడుతుంది.

ఇక్కడిదాకా వచ్చినా దొరకలేదంటే లాప్‌టాప్ లోపలి సెన్సార్ల అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసి సెన్సార్లు తెరవండి. పని పెట్టినప్పుడు డిగ్రీలు 95, 100 దాకా పోతుంటే ఇది సాఫ్ట్‌వేర్ తగాదా కాదు, దుమ్ము, ఫ్యాన్, థర్మల్ పేస్ట్ సంగతి. వేడి లేకుండానే పవర్ లిమిట్ అనో ప్రోక్‌హాట్ అనో ఎదురుగా ఎస్ అని ఉంటే పైన చెప్పిన వాళ్లలో ఒకరు. ఇంటెల్ లాప్‌టాప్ అయితే త్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రామ్‌లో లిమిట్ రీజన్స్ కిటికీ ఇదే విషయాన్ని ఎర్రగా వెలిగించి చూపిస్తుంది. అందులోనే బీడీ ప్రోక్‌హాట్ (బయటినుంచి వచ్చే ప్రోక్‌హాట్ సిగ్నల్‌ని ప్రాసెసర్ వినాలా వద్దా అన్నది) అనే టిక్ తీసేస్తే వేగం వెంటనే తిరిగొస్తుంది, అది చూసి అందరూ పండగ చేసుకుంటారు. పరీక్షకి ఒక పది నిమిషాలు తియ్యండి, తప్పులేదు. తీసేశాక వేగం వచ్చిందంటే బయటినుంచి ఎవరో ఆ సిగ్నల్ లాగుతున్నారని రుజువైంది, అంతవరకే దాని పని. చార్జర్ నిజంగానే తక్కువ వాట్లదైతే దాన్ని అలాగే తీసి ఉంచితే చార్జర్ మాడొచ్చు. నేనైతే ఉంచను.

బయోస్‌లో స్పీడ్‌స్టెప్, స్పీడ్ షిఫ్ట్, టర్బో బూస్ట్ ఈ మూడూ ఎనేబుల్డ్‌లో ఉన్నాయో లేదో చూడండి, అనుమానంగా ఉంటే లోడ్ డిఫాల్ట్స్ కొట్టండి. దానికి ముందు బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) రికవరీ కీ చేతిలో ఉంచుకోండి, బయోస్ కదిపాక అది అడిగే అవకాశం ఉంది. కొత్త బయోస్ అప్‌డేట్ ఉంటే చార్జర్ పెట్టి ఉంచే చెయ్యండి.

లైనక్స్ వాళ్లకి రెండు ముక్కలు. టీఎల్‌పీ, పవర్ ప్రొఫైల్స్ డీమన్ రెండూ పవర్ సెట్టింగులు చూసుకునేవే, కలిపి నడపొద్దు, ఒకటి తీసెయ్యండి. ఇంటెల్ పీస్టేట్ డ్రైవర్‌లో గవర్నర్ పవర్‌సేవ్ అని కనిపించినంత మాత్రాన స్లో అని కాదు, అందులో పవర్‌సేవ్ కూడా పని పడితే వేగం పెంచుతుంది, కాబట్టి ఆ పేరు చూసి బెంబేలెత్తకుండా నో టర్బో ఫైల్లో 1 ఉందా 0 ఉందా చూడండి, 1 ఉంటే టర్బో ఆగినట్టు. మ్యాక్‌బుక్ అయితే బ్యాటరీ సెట్టింగ్స్‌లో లో పవర్ మోడ్ చూసుకోండి. యాక్టివిటీ మానిటర్‌లో కెర్నల్ టాస్క్ సీపీయూ అంతా తింటున్నట్టు కనిపిస్తే దాన్ని చంపాలని చూడకండి, వేడి తగ్గించడానికి అది కావాలనే చోటు ఆక్రమిస్తుంది.

ఏది మార్చినా ఒక్కసారికి ఒక్కటే మార్చి, రీస్టార్ట్ చేసి, అదే జిప్ పరీక్ష పెట్టి అంకె చూడండి. అయిదు ఒకేసారి మారిస్తే బాగైనా దేనివల్ల బాగైందో తెలీదు.

అన్నీ అయ్యాక కూడా 0.8 కదలకపోతే మదర్‌బోర్డు మీద ఏదో ఉష్ణోగ్రత సెన్సారో చార్జింగ్ సర్క్యూటో పోయినట్టే, అది సర్వీసు వాళ్లు చూడాల్సిందే. అక్కడికి వెళ్లి లాప్‌టాప్ స్లోగా ఉందని మాత్రం చెప్పకండి, ఆ మాట వినగానే ఫార్మాట్ చేసిస్తాం అంటారు. చార్జర్ పెట్టినప్పుడు ఒకటి, తీసినప్పుడు ఒకటి టాస్క్ మేనేజర్ ఫోటోలు, ఆ 37 నంబర్ ఈవెంట్ ఫోటో ఒకటి ఫోన్‌లో తీసి పెట్టుకుని, ఫార్మాట్ నేను ముందే చేశాను, ఇది ఫర్మ్‌వేర్ కట్టడి చేస్తోంది, ప్రోక్‌హాట్ ఎక్కడినుంచి వస్తోందో చూడండి అని అడగండి.